మూడో చరణం

మీటరాయన ఇంట్లో ఏ బల్బూ మనిషి లేకుండా వెలిగిన పాపాన పోలేదు. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ కరెంటు మీటర్లు చదవడంలోనే గడిపిన మనిషి. రిటైరయ్యాక చదవడానికి సొంత మీటరు ఒక్కటే మిగిలింది. పొద్దున లేవగానే వరండాలో దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, రాత్రికి రాత్రి ఎవడో తన నెత్తురు తాగిపోయినట్టు చూసేవాడు. ఫ్యాను తిరుగుతుంటే, "ఎవడికా గాలి?" లైటు వెలుగుతుంటే, "ఎవడి పెళ్ళి?" ఇదేంటని ఎవరన్నా అడిగితే ఒకటే జవాబు: "కరెంటు దండగ."

ఆ మహానుభావుడితో ఒకే కప్పు కింద కాపురం ఉంటోంది ఆయన కూతురు. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుని, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేసుకుంటోంది. నెమ్మదైన పిల్ల అనుకునేరు. చేతిపని నెమ్మదే గానీ నోరు మాత్రం అచ్చం తండ్రిదే. తల్లి ఉన్నన్నాళ్ళూ ఇద్దరి మధ్యా గోడలా నిలబడి, ఇటు మాట అటు పోకుండా కాపలా కాసింది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. గోడ పడిపోయాక ఇంకేం అడ్డు? పొద్దున కాఫీలో చక్కెర దగ్గర మొదలైన గొడవ పడుకునేటప్పుడు తలుపు గడియ దగ్గర ముగిసేది. ఆ రెండు గొడవల మధ్య ఆ ఇంట్లో వేరే మాటంటూ ఉండేది కాదు.

ఆ తల్లికి ఓ పాట ఉండేది. ఎవరో రాసింది కాదు, పొయ్యి ముందు నిలబడి తనే కట్టుకుంది.

*కుతకుత ఉడికే నీళ్ళమ్మా, ఎందుకే నీకింత తొందర?*
*పొంగితే పోయేది నువ్వే, మూత మీద మాట పడదమ్మా!*

అది పల్లవి. మొదటి చరణం నీళ్ళ మీద, రెండోది మంట మీద. మూడోది ఉందని పిల్లలకి తెలుసు, కానీ ఎన్నడూ వినలేదు. రెండో చరణం అయ్యీ అవకముందే ముందుగదిలోంచి మీటరాయన కేక వచ్చేది: "ఆపు ఆ గోల!" ఆవిడ టక్కున ఆపేసేది. రోజూ అదే తంతు. కూతురైతే ఓ వయసు వచ్చేదాకా ఆ కేక కూడా పాటలో భాగమే అనుకుంది.

ఆసుపత్రిలో తల్లి ముక్కుకి మాస్కు పెట్టి ఉండగా కూతురు చెవి దగ్గరికి వంగి అడిగింది. "అమ్మా, ఆ మూడో చరణం ఏంటో చెప్పవూ?" ఆవిడ కళ్ళతోనే నవ్వి, మాస్కు కాస్త పక్కకి జరిపి, "టేపులో పాడిపెట్టాన్లే, విను," అంది. ఆ మాటని పట్టుకుని బతుకుతోంది కూతురు. అమ్మ తనకంటూ వదిలిపోయిన ఆస్తి ఏదన్నా ఉందంటే అదొక్కటే. నగలు వదిన తీసుకుంది, చీరలు పిన్ని తీసుకుంది, మంచం నాన్న తీసుకున్నాడు.

టేపులు అన్నయ్య తీసుకెళ్ళాడు. ఇంకో ఊళ్ళో ఉంటాడు, కొత్త యంత్రం కనపడితే చాలు వాడికి పూనకం వస్తుంది. కొన్నాళ్ళకి ఓ నల్ల డబ్బాతో దిగాడు. టీవీ కింద పెట్టుకునే మ్యూజిక్ ప్లేయరు. దాని కడుపులో డిస్కు, డిస్కులో వాడికిష్టమైన సినిమా పాటలు వేలకు వేలు, అన్నిటికన్నా అడుగున 'అమ్మ' అని ఓ ఫోల్డరు.

"టేపులేవిరా?" అంది కూతురు. అన్న పెద్దవాడే అయినా కోపం వస్తే ఆమెకి వరసలు గుర్తుండవు.

"బూజు పట్టాయి. అన్నీ ఇందులోకి ఎక్కించి చెత్తబండిలో పడేశాను. నా దగ్గరింకో కాపీ లేదు, జాగ్రత్త," అని చెప్పి, భోజనం కూడా చేయకుండా బండెక్కాడు.

ఆ డబ్బాకో గుణం ఉంది. డిస్కులో ఎన్ని పాటలున్నా, ఒక్కో పాటనీ అది ముందు చదువుకోవాలి. చదివి తన పట్టికలో రాసుకున్నాక గానీ తెర మీద చూపించదు, చూపించనిది పాడదు. దాంతో వచ్చిన పుస్తకంలో ఇదంతా ఉంది. పాటలు ఎక్కువుంటే చదవడానికి పూటలు పూటలు పడుతుందనీ, మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి పాట నుంచి మొదలవుతుందనీ, కాబట్టి ఆపొద్దనీ ఉంది. అమ్మ ఫోల్డరేమో తోకన ఉంది. అంటే అన్నయ్యగారి సినిమా సరుకంతా చదివాకే అమ్మ వంతు. బతికున్నప్పుడూ అందరూ తిన్నాకే ఆవిడ వంతు.

కూతురు పొద్దున్నే డబ్బా వెలిగించి షాపుకి వెళ్ళింది. 'చదువుతున్నాను' అని తెర మీద ఓ గీత మొదలైంది. సాయంత్రం వచ్చి చూస్తే ఆ గీత గోరంత కూడా కదల్లేదు. రాత్రంతా కాస్త పాకినా, మర్నాడు సాయంత్రానికి మళ్ళీ మొదటికే వచ్చింది. ఇంకేముంది, అనుమానం సరాసరి వెళ్ళి తండ్రి మీద వాలింది.

"నాన్నా, డబ్బా కట్టేస్తున్నావా?"

"నాకేం పని?"

"నీకున్న పని అదొక్కటే కదా. ఒట్టు వెయ్యి. ఆ డబ్బా స్విచ్చు ముట్టుకోనని వెయ్యి."

మీటరాయన వార్తాపత్రిక మడిచి, లేచి నిలబడి, గోడ మీద ఉన్న భార్య ఫోటో వైపు తిరిగాడు. "ఈవిడ సాక్షిగా చెబుతున్నా. ఆ డబ్బా స్విచ్చు మీద నా చెయ్యి పడితే అడుగు." మొహంలో ఇసుమంత తడబాటు లేదు. కూతురు నమ్మింది. ఎంత చెడ్డా ఒట్టు తప్పే మనిషి కాదని ఆమెకి తెలుసు.

అయినా సాయంత్రానికల్లా గీత మొదటికే వచ్చేది. ఆ వారమంతా ఇల్లు కుంపటైంది. వైరు మార్చింది, ప్లగ్గు మార్చింది, డబ్బాకి గాలి తగలట్లేదేమోనని టీవీ కిందనుంచి తీసి బల్ల మీద పెట్టింది. సెట్టింగుల్లోకి వెళ్ళి 'మళ్ళీ చదువు' అన్నది నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది. అన్నయ్యకి ఫోను చేసింది.

"నువ్వేదో చెత్త ఎక్కించావు. అందుకే అది ముందుకెళ్ళట్లేదు."

"నా చేతిలో బంగారంలా పనిచేసింది. వాడ్డం చేతకాక నామీద పడతావేం? మొత్తం తుడిచెయ్, నా పాటలు మళ్ళీ ఎక్కిస్తాను."

"మరి అమ్మవి?"

"అవి పోతాయి. పోతే ఏమైందే? వంటింటి గోల తప్ప ఏముంది వాటిల్లో?"

వంటింటి గోలట. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది! కూతురు ఫోను పెట్టేసి, పెట్టేశాక కూడా చాలాసేపు తిట్టింది.

రిపేరు షాపాయన వచ్చాడు. డబ్బా అటు తిప్పి ఇటు తిప్పి, చెవి ఆనించి, "డిస్కు తిరుగుతోంది, లోపల పాటలూ ఉన్నాయి. చదవలేకపోతోంది. ఫార్మాట్ చేసేస్తే సాఫీగా నడుస్తుందమ్మా. సోమవారం షాపుకి తెచ్చెయ్యండి, అరగంటలో తుడిచేస్తాను," అన్నాడు. పక్కనుంచి మీటరాయన అందుకున్నాడు. "తుడిపించెయ్. పీడా పోతుంది. వారం నుంచీ ఇంట్లో కాకుల సంతలా ఉంది." అడగని సలహా ఇవ్వడంలో ఆయనెప్పుడూ పిసినారి కాదు.

ఆ వారంలోనే ఇంకో గొడవ. ఫ్రిజ్‌లో పెట్టిన పాలు రోజూ సాయంత్రానికి విరిగిపోతున్నాయి. తండ్రీకూతుళ్ళు ఒక మాట మీదికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే. ఇద్దరూ గేటు దగ్గర నిలబడి పాలాయన్ని దులిపేశారు. అందులోనూ ముందున్నది మీటరాయనే. "నిన్నటివి అంటగడతావా? నా చెవుల్లో పూలు కనపడుతున్నాయా?" అని అరిచి, పాపం ఆ మనిషి చేత కళ్ళనీళ్ళు పెట్టించాడు.

శుక్రవారం సాయంత్రం కూతురు తలనొప్పితో వచ్చి, గుడ్డలో ఐసు కట్టుకుని నుదుటి మీద పెట్టుకుందామని ఫ్రిజ్ తలుపు తీసింది. ఐసు గిన్నెలో నీళ్ళున్నాయి. వేలు ముంచి చూసింది, వెచ్చగా ఉన్నాయి. ఆ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. పాలు విరుగుతున్నాయి, ఐసు కరుగుతోంది, గీత మొదటికొస్తోంది. తలనొప్పి ఎటు పోయిందో పోయింది. ఆమె ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. మీటరాయన కూడా అనుమానంగా చూశాడు గానీ, పోన్లే ప్రశాంతంగా ఉంది కదా అని పడుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం షాపులో అడిగి త్వరగా బయలుదేరింది. గేటు చప్పుడు కాకుండా తీసింది. వరండాలో మీటరు బోర్డు కింద కుర్చీ వేసుకుని, మెయిను కిందికి దింపేసి, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు మీటరాయన. బనీను వీపుకి అతుక్కుపోయింది. తన ఉక్కపోత తనే కొని తెచ్చుకున్న మనిషి.

"ఒట్టేశావు కదా నాన్నా?"

ఆయన ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నాడు. "వేశాను. డబ్బా స్విచ్చు మీద చెయ్యి పడిందా? మెయిను మీద ఎక్కడ వేశాను ఒట్టు?"

"ఛీ! అమ్మ ఫోటో ముందు నిలబడి ఆడిన నాటకమా అది? నేను వచ్చే వేళకి మెయిను పైకెత్తి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతున్నావా? పాలాయన్ని నానా మాటలూ అన్నావే!"

"వాడు నీళ్ళు కలుపుతాడు. ఎలాగూ నాలుగు పడాలి వాడికి."

"ఎందుకు చేశావు?"

"కరెంటు దండగ."

"అబద్ధం. కరెంటు కోసమైతే నువ్వు మీటరు వైపు చూసి సంతోషపడాలి. నీ మొహం చూడు, దొంగ దొరికినట్టుంది. ఎందుకు చేశావో చెప్పు."

"చచ్చినావిణ్ణి చచ్చాకైనా ప్రశాంతంగా ఉండనివ్వరా?" అన్నాడు మీటరాయన గొంతు పెంచి.

"బతికుండగా నువ్వు పాడనిచ్చావా?"

ఆ మాటకి ఆయన విసనకర్ర ఆగింది. కూతురు ఆయన్ని దాటుకుని వెళ్ళి మెయిను పైకెత్తింది. లోపల డబ్బా తనంతట తానే లేచి, 'చదువుతున్నాను' అని మళ్ళీ మొదటి పాట దగ్గర మొదలెట్టింది.

ఆదివారం ఆమె పొద్దున్నే మెయిను కింద పీట వేసుకుని కూర్చుంది. కూరగాయలు అక్కడే తరిగింది, తిండి అక్కడే తింది. మీటరాయన ఇంట్లోంచి వరండాలోకీ, వరండాలోంచి ఇంట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ముందు ఏదో వైరు కాలుతున్న వాసనొస్తోందన్నాడు. "కాలనీ," అంది. ఉరుములు వచ్చేలా ఉంది, మెయిను దింపకపోతే టీవీ పేలుతుందన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. "పేలనీ," అంది. ఆఖరికి గుండెల్లో అదోలా ఉందన్నాడు. కూతురు కత్తి పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. "నిజంగా ఉంటే ఆసుపత్రికి పద. మెయిను మాత్రం దిగదు." గుండె దానంతటదే సర్దుకుంది.

పొద్దు వాలుతుండగా గీత చివరికంటా వెళ్ళింది. ముందుగదిలో డబ్బా ఓసారి కీచుమంది. కూతురు పరిగెత్తింది. తెర మీద సినిమా పేర్ల వరస అంతా దాటాక, అట్టడుగున 'అమ్మ' అని కనిపించింది. మీటరాయన గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు, పోనూ లేదు.

మొదటిది నొక్కింది. పొయ్యి బుసలు కొడుతున్న చప్పుడు, గరిటె చప్పుడు, ఆ వెనక అమ్మ గొంతు. *కుతకుత ఉడికే నీళ్ళమ్మా...* కూతురి కళ్ళు చెమర్చాయి. మొదటి చరణం అయింది, రెండోది అవుతోంది. "ఆపు ఆ గోల!" అని డబ్బాలోంచి కేక వచ్చింది. గుమ్మంలో మీటరాయన అదిరిపడ్డాడు. టక్. టేపు ఆగిపోయింది.

రెండోది పెట్టింది. అదే పాట, అదే చోట, అదే కేక. మూడోదీ అంతే. నాలుగోదాంట్లో కేక నోటినిండా ముద్దతో వచ్చింది. ఒకదాంట్లో చిన్నప్పటి అన్నయ్య ఏడుస్తున్నాడు, ఆ ఏడుపు మీదుగా వచ్చింది కేక. వరసగా వింటుంటే కేక వయసు కూడా తెలుస్తోంది. మొదట్లో పడుచు గొంతు, పోను పోను బొంగురు. అమ్మ గొంతు మాత్రం పోను పోను చిన్నదైంది.

"ఇందుకా?" అంది కూతురు. "నీ అరుపులు నువ్వే వినలేకనా మెయిను పీకావు?"

"కాదు."

"మరి?"

మీటరాయన గుమ్మం చెక్క పట్టుకున్నాడు. "మూడోది నువ్వు వినకూడదని. మొదటి చరణం నీళ్ళ మీద, రెండోది మంట మీద. ఇక మూడోది ఎవరి మీద ఉంటుంది? కూర్చుని మెక్కేవాడి మీదేగా! వంటింటి కిటికీ పక్కింటివాళ్ళకి నాలుగడుగుల దూరం. వాళ్ళంతా విని నవ్వుకోవాలా? ఇప్పుడు నువ్వు విని, మీ అన్నకి వినిపించి, నన్ను చచ్చేదాకా దెప్పుతావు."

"అంత ఘోరంగా ఏముంది అందులో?"

"నాకేం తెలుసు?"

"తెలీదా?"

"ఎప్పుడు విన్నాను?" అన్నాడు మీటరాయన. అన్నాక, ఏమన్నాడో తనకే అప్పుడు తెలిసినట్టు నేల చూపులు చూశాడు.

కూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. "వినకుండానే ఆపావా? అన్నేళ్ళూ? ఏముందో తెలీకుండా, నీ గురించే అయ్యుంటుందని నువ్వే అనుకుని?" ఇంకా చాలా అనబోయింది. అంతలో చూపు తెర మీదికి పోయింది. వరసలో ఇంకొక్కటే మిగిలింది.

"పెట్టొద్దే," అన్నాడు మీటరాయన.

పెట్టింది.

ఇందులో పాట మొదలవలేదు. అమ్మ మాట్లాడింది, అచ్చం పక్కన కూర్చుని మాట్లాడినట్టే. "ఆయన క్యాంపుకి వెళ్ళారు. రేపటిదాకా రారు. పిల్లలూ ఇంట్లో లేరు. కిటికీ మూసేశాను. ఇవాళ మొత్తం పాడేస్తానంతే." అని నవ్వింది. ఆ నవ్వు తండ్రీకూతుళ్ళిద్దరూ ఎన్నడూ వినలేదు. తరవాత గొంతెత్తి పాడింది. ఎంత గొంతుందో ఆవిడకి! ఇల్లు నిండిపోయింది. నీళ్ళ చరణం అయింది. మంట చరణం అందుకుంది. మీటరాయన తనకి తెలీకుండానే గుమ్మం దాటి డబ్బా దగ్గరికి వచ్చి, తల వంచి చెవి పెట్టాడు.

రెండో చరణం అయిపోయింది. కూతురు అలవాటుగా కేక కోసం చూసింది. కేక రాలేదు. పాట కూడా రాలేదు. పొయ్యి బుస వినిపిస్తోంది. ఊపిరి తీసుకున్న చప్పుడు, ఇదిగో అందుకుంటుందనిపించేలా. ఎంతసేపు చూసినా పొయ్యి బుసే. టక్.

ఆపేవాడు లేని రోజున కూడా ఆవిడ అక్కడే ఆగిపోయింది. మొత్తం పాడాననే అనుకుంది. చచ్చిపోయేటప్పుడు కూడా అదే అనుకుని, నవ్వుతూ కూతురికి చెప్పి మరీ పోయింది.

కూతురు ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట కోపం కూర్చుని ఉంది, అది జరిగితేగా. మీటరాయన మాత్రం డబ్బా మీద చెయ్యి వేసి, అటూ ఇటూ తడిమాడు.

"ఇంకా ఉండే ఉంటుందే. ఇది సరిగ్గా చదివుండదు. ఎక్కడో వదిలేసుంటుంది. మళ్ళీ మొదటి నుంచీ చదివించు," అన్నాడు. "రెండు రోజులు పట్టినా సరే. నేను ముట్టుకోను. మెయిను కూడా ముట్టుకోను, ఒట్టు. చదివించవే తల్లీ."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట 'తల్లీ' అన్న పిలుపు ఆమె వినడం అదే మొదలు. ఆమె లేచి, ఆయన్ని దాటుకుని వరండాలోకి వెళ్ళింది. మీటరు బోర్డు ముందు నిలబడి మెయిను కిందికి లాగింది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయింది. డబ్బా మీది దీపం ఆరింది. చీకటి పడుతున్న గదిలో తండ్రి ఆ నల్ల డబ్బా మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"అక్కర్లేదు," అంది ఆమె బయటినుంచి. "కరెంటు దండగ."